అచ్చియ్యమ్మ చూడని ఆఖరి రీలు

చీపురు కింద వేరుశనగ తొక్కలు గరగరలాడుతుంటే అచ్చియ్యమ్మ మూతి ముడిచింది. ఆడవాళ్ళ బెంచీల కింద ఇంత మందాన తొక్కలు పడ్డాయంటే రాత్రి బొమ్మ పోయినట్టే. కథ పట్టు మీద ఉన్నప్పుడు జనానికి నమలడం గుర్తుండదు, విసుగెత్తినప్పుడే నోరాడుతుంది. దానికి తోడు గోవాడ పంచదార ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు నడుస్తున్న రోజులు. బళ్ళ మీంచి లాగిన చెరుకు ముక్కలు కొంగుల్లో దాచుకొచ్చి, నమిలి ఉమ్మిన పిప్పి నేలకంటుకుపోయి, ఊడిస్తే పోదు, గోకితేగాని రాదు. బొమ్మ బాగోగులు చెప్పడానికి పేపరువాళ్ళెందుకు, నా సీపురు సాలదేటి అని ఆవిడ అందరితోనూ అంటుంది. అందులో అబద్ధం కూడా లేదు.

చోడవరంలోని ఆ పాత హాల్లో ఆవిడ ఆడవాళ్ళ గేటు మనిషి. పొద్దున్నే ఊడవడం, ఆట ఆటకీ టిక్కెట్లు చింపడం, పసిపిల్ల గుక్కపెడితే తల్లిని నెమ్మదిగా గుమ్మం దాకా సాగనంపడం, ఆట వదిలే వేళకి పక్క సందులోని ఇనప గేటు తీసి పట్టుకోవడం ఆవిడ పని. పొట్టి మనిషి, గట్టి మనిషి. ముక్కుకి ఇత్తడి పుడక, బిగించి నడుముకి దోపిన నేత చీర, గడియ లాగీ లాగీ మొద్దుబారిపోయిన కుడిచేతి బొటనవేలు. పెళ్ళయిన కొత్తలో ఈ పనిలో చేరింది, ఇప్పుడు పళ్ళు కదులుతున్నాయి. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళలో ఆవిడ చేతికి టిక్కెట్టు ఇవ్వకుండా సినిమా చూసినవాళ్ళు లేరనే చెప్పాలి.

బుకింగు గది తాళం తీస్తూ ప్రేమ్ కుమార్ ఒక కబురు చెప్పాడు. ముప్పై దాటిన మనిషి, టిక్కెట్లిచ్చేదీ అతనే, మేనేజరు రాని రోజున మేనేజరూ అతనే. కొత్త సినిమా పెట్టె విశాఖపట్నం నుంచి రాలేదట. హాలు ఖాళీగా ఉంచలేక అనకాపల్లిలో మూలపడి ఉన్న పాత ప్రింటొకటి తెప్పించారట. ఈ ఒక్కరోజే, మ్యాటినీ, ఫస్టు షో.

"ఏ బొమ్మ బాబూ?"

"అదేనమ్మా, పడవది. బ్లాక్ అండ్ వైటు."

అచ్చియ్యమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

సినిమాల్ని ప్రేమించడంలో ఆవిడ పద్ధతి వేరు. వందల బొమ్మలు ఆవిడ ముందునుంచి వెళ్ళిపోయాయి గాని, నావి అనుకున్నవి చేతివేళ్ళకి సరిపోవు. వాటి అసలు పేర్లు ఎప్పుడూ పట్టించుకోలేదు. అత్తగారు చీకట్లో ఒక్కతే మామిడిపండు తిని టెంక దాచుకున్న సినిమా. నుయ్యి తవ్వుతుంటే నీళ్ళకి బదులు బండ పడిన సినిమా. చెల్లెలి పెళ్ళికి అన్న వంటవాడి వేషంలో వచ్చిన సినిమా. వీటి హెచ్చుతగ్గులు ఆవిడ మనసుని బట్టి మారుతుండేవి. నుయ్యి సినిమా ఆడుతున్నప్పుడు పంకా ఊడిపడబోయిందని కొన్నాళ్ళు ఆ సినిమాతో మాట మానేసినట్టే మసిలింది. పడవ సినిమా మాత్రం ఎప్పుడూ అన్నిటికీ పైన ఉంది. ఆ చోటు నుంచి దాన్ని దింపడం ఎవరి తరమూ కాలేదు.

విచిత్రమేమిటంటే, వీటిలో ఒక్కదాని ముగింపూ ఆవిడ కళ్ళతో చూడలేదు. ఎప్పుడో ఆట వదిలిన తోపులాటలో ఒక నిండు గర్భిణి పడిపోయిందట. అప్పటినుంచి ఆట వదలగానే ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా ముందు సందులోంచి బయటపడాలని పాత యజమాని కట్టుబాటు పెట్టాడు. ఆఖరి రీలు ఎక్కించగానే పైనుంచి ఆపరేటరు గంట కొడతాడు. గంట వినగానే అచ్చియ్యమ్మ లేచి, హాలు చుట్టూ తిరిగి వెళ్ళి, ఇనప గేటు తీసి పట్టుకుని నిలబడాలి. యజమాని పోయాడు, కొడుకు వచ్చాడు, గంట మాత్రం పోలేదు. ఇంకో హాలుకి వెళ్ళి చూసుకోవచ్చు కదా అంటే, ఒక హాలు ఉప్పు తిని ఇంకో హాలు మెట్లెక్కే మనిషి కాదు ఆవిడ. ముగింపులన్నీ గేటు దాటుతూ ఆడవాళ్ళే చెప్పేవారు, ఒకరి మాట మీద ఒకరు పడిపోతూ. అందులోంచి తనకి నచ్చినది ఏరుకునేది.

పడవ సినిమా ముగింపు ఒక్కటే ఏరుకున్నది కాదు. అది సన్యాసమ్మ ఇచ్చింది. సన్యాసమ్మ హాలు ముందు గోడ వారన కూర్చుని ఉడికించిన వేరుశనక్కాయలు అమ్మేది. ఇంటర్వెల్లులో బుట్టతో లోపలికొచ్చి, అమ్మకం అయినా కాకపోయినా ఆఖరిదాకా ఆడవాళ్ళ మధ్య చతికిలబడిపోయేది. ఆ సినిమా మొదటిసారి ఆడింది అచ్చియ్యమ్మ మొగుడు నూకరాజు రైల్వే పనికని ఖరగ్‌పూరు వెళ్ళిన ఏడు. వెళ్ళినవాడు ఒకసారి ఎవరిచేతో కబురు పంపాడు, తర్వాత అదీ లేదు. సినిమాలోనూ అంతే. పడవవాడు వరదలో దిగువకి వెళ్ళి తిరిగి రాడు. పెళ్ళాం రేవులో దీపం పెట్టుకుని చూస్తుంటుంది. గంట మోగే వేళకి ఆమె ఇంకా రేవులోనే ఉండేది. గేటు పట్టుకుని నిలబడి, లోపల సంగీతం పెరగడం వింటూ, అచ్చియ్యమ్మ ఊపిరి బిగబట్టేది.

మొదటి ఆట వదలగానే సన్యాసమ్మని ఆపి అడిగింది. సన్యాసమ్మ బుట్ట ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుని, వచ్చేడని చెప్పింది. పడవ దిగాడట, పెళ్ళానికి ఎర్ర చీర తెచ్చాడట, ఆమె అది కట్టుకున్నాక ఇద్దరూ ఇంటికి వెళ్ళిపోయారట. నలుపు తెలుపు బొమ్మలో చీర ఎర్రదని ఎలా తెలిసిందని అచ్చియ్యమ్మకి అప్పుడు తట్టలేదు, ఇన్నేళ్ళలోనూ తట్టలేదు. నూకరాజు రాడని ఆవిడకి తెలుసు. నిజం చెప్పాలంటే ఊరందరికన్నా ముందే తెలుసు. నావాడు రాకపోతే పోయాడు, సినిమాలోనైనా ఒకడు వచ్చాడు కదా అని మనసుకి చెప్పుకుంది. నవ్వితే నవ్వండి గాని, ఆవిడ ఆ ఒక్కమాట పట్టుకునే నిలబడింది.

ఇప్పుడు ఇంటింటికీ డిష్షు కనెక్షన్లు వచ్చేశాయి. ఈ పాత ప్రింటు మళ్ళీ చోడవరం ముఖం చూడదు. వాడు పడవ దిగడం ఈవేళ కళ్ళారా చూడకపోతే ఇక చూడడం లేదు.

సన్యాసమ్మ మంచం పట్టి నెల దాటింది. హాలు వెనక వీధిలో కోడలు చిన్నతల్లి దగ్గర ఉంటోంది. కాళ్ళు వాచి, ముఖం మాత్రం పీక్కుపోయి, చిన్నపిల్లంత అయిపోయింది. రోజూలాగే గంజి పట్టుకెళ్ళిన అచ్చియ్యమ్మ, పడవ సినిమా వచ్చిందని, ఈసారి ఆఖరు చూసి తీరతానని సంబరంగా చెప్పింది. పక్క మీద కదలలేని మనిషి మోచేతి మీద లేచింది.

"ఆకరు సూడకే. నాను సెప్పేను కదా."

"సెప్పేవు. కళ్ళతో సూస్తే తప్పేటి?"

"ఏటుంటాది సూడ్డానికి. వచ్చేడు, అంతే. గేటు వదిలీసి కూకుంటే పనిలోంచి తీసెత్తారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ మాట. అచ్చియ్యమ్మ గిన్నె కడిగి బోర్లించి వచ్చేసింది గాని, మనసు అక్కడే చిక్కుకుపోయింది.

అక్కడినుంచి ఆవిడ కాలుగాలిన పిల్లే. ఊడ్చినచోటే ఊడ్చింది. కుండలో నీళ్ళు నిండాక కూడా పోస్తూనే ఉంది. పోస్టరు ముందుకి వెళ్ళి నిలబడింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. రావికమతం నుంచి వచ్చిన ఒకావిడ టిక్కెట్టు చింపి రెండు ముక్కలూ ఆవిడకే ఇచ్చేసింది. చూడొద్దని ఎందుకంది? చూస్తే ఏముంటుంది? ఆట మొదలయ్యే ముందు ప్రేమ్ కుమార్ దగ్గరికి వెళ్ళి, ఆఖరి రీలప్పుడు గేటు కాస్త పట్టుకోమని అడిగింది. బుకింగు వదిలి ఎలా వస్తానని అతను విసుక్కున్నాడు. ఆవిడ అక్కడే నిలబడి ఉండడం చూసి, గేటుని ముందే తెరిచి స్తంభానికి తాడేసి కట్టెయ్యమని, తను చూడనట్టు ఊరుకుంటానని నెమ్మదిగా అన్నాడు.

ఇన్నేళ్ళలో ఈ తాడు ఎందుకు తోచలేదని ఎవరైనా అడగొచ్చు. అడిగితే ఆవిడకి కోపమొస్తుంది. తోచకపోవడంలో కొంత భయం కూడా ఉందని ఆ మధ్యాహ్నమే ఆవిడకీ తెలిసింది.

మ్యాటినీకి జనం పల్చగా ఉన్నారు. అచ్చియ్యమ్మ వెనక బెంచీ చివర, లేచి పోవడానికి సిద్ధంగా ఉన్నదానిలా కూర్చుంది. ప్రింటు గీతలు పడిపోయి, సినిమా అంతా వాన కురుస్తున్నట్టే ఉంది. గంట మోగింది. ఆవిడ ప్రమేయం లేకుండానే కాళ్ళు లేచాయి. తలుపు దాకా వెళ్ళి, గేటు కట్టేసి ఉందని గుర్తొచ్చి, తిరిగొచ్చి కూర్చుని మోకాళ్ళు రెండూ చేతులతో అదిమిపెట్టుకుంది.

తెర మీద తెల్లవారుతోంది. రేవులో దీపం కొండెక్కుతోంది. దూరంగా పడవ కనిపించింది. పడవవాడి పెళ్ళాం నీళ్ళలోకి మోకాలిలోతు దిగింది. సంగీతం పెరిగింది. గేటు దగ్గర వినే సంగీతమే అది. అచ్చియ్యమ్మ ముందు బెంచీ పట్టుకుని మెడ చాచింది. పడవ దగ్గరికొచ్చింది. అందులో ఎవరూ లేరు. తెడ్డు తాడుతో కట్టేసి ఉంది. ఆమె చాలాసేపు ఆ పడవ అంచు పట్టుకుని నిలబడింది. అవతలి గట్టు మీంచి ఎవరో దాటించమని కేకేశారు. ఆమె ముఖం తుడుచుకుని పడవెక్కి, తెడ్డు విప్పింది. పడవ అటు వెళుతుండగా శుభం పడింది.

లైట్లు వెలిగాయి. అరికాలి మంట నెత్తికెక్కింది అచ్చియ్యమ్మకి. తెరిచి కట్టేసిన గేటులోంచి సందులో తిరిగే మేకొకటి లోపలికొచ్చి బెంచీల మధ్య పోస్టరు కాగితం నములుతున్నా ఆవిడ పట్టించుకోలేదు. సందు దాటి వెనక వీధిలోకి పడింది. నన్ను పిచ్చిదాన్ని చేసేవు, నా బతుకుతో ఆటలాడేవు, నీకేటి హక్కు అని నాలుక మీద తిట్లు వరసపెట్టుకుంటూ నడిచింది. ఏడుపు కూడా వస్తోంది గాని, ముందు తిట్టాలి.

సగం వీధి దాటేసరికి ఒకటి గుర్తొచ్చింది. ఆ సినిమా ఎన్నిసార్లు వచ్చినా, ఆట వదలగానే అందరికన్నా ముందు గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చేది సన్యాసమ్మే. బుట్ట చంకన పెట్టుకుని, వగరుస్తూ, వచ్చేడే అని ముందుగా చెప్పేసేది. బేరాల కోసం పరిగెడుతోందనుకుంది తను. వెనకొచ్చిన ఆడవాళ్ళు, సన్యాసమ్మ వీధిలో ఉండే మంగాయమ్మా వాళ్ళూ, తలూపి, నేల చూసుకుంటూ వెళ్ళిపోయేవారు. ఇంకెవరి నోటా ముందు అసలు మాట రాకూడదని పరిగెత్తింది ఆ మనిషి. కాళ్ళు వాచడం మొదలయ్యాక కూడా పరిగెత్తింది. అచ్చియ్యమ్మ నడక నెమ్మదించింది.

పొద్దుట గంజి తాగాక అత్త పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని, గుమ్మం వైపే చూస్తోందని చిన్నతల్లి చెప్పింది. అచ్చియ్యమ్మ మంచం పట్టె మీద కూర్చుంది.

"సూసేవా?"

"సూసేను."

సన్యాసమ్మ కళ్ళు మూసుకుంది, దెబ్బకి సిద్ధపడ్డ మనిషిలా. వీధిలో చెరుకు బండి ఒకటి కిర్రుమంటూ వెళ్ళింది. కూడగట్టుకొచ్చిన తిట్లలో ఒక్కటీ అచ్చియ్యమ్మ నోటికి రాలేదు.

"వచ్చేడే," అంది. "నువ్వు సెప్పినట్టే. పడవ దిగేడు."

సన్యాసమ్మ కళ్ళు తెరిచి ఆవిడ ముఖంలోకి చూసింది. ఆ పడవలో ఏముందో సన్యాసమ్మకన్నా బాగా తెలిసినవాళ్ళు చోడవరంలో లేరు. చూస్తూ చూస్తూ ఉండగా కంటి చివరనుంచి నీరు చెవి వైపు జారింది.

"మరి సీర?"

"ఎర్రదే. జరీ అంచు. బాగుంది."

"అంచు సంగతి నాను సెప్పలేదు కదే."

"నువ్వు సరిగ్గా సూణ్ణేదు."

సన్యాసమ్మ నవ్వింది. పళ్ళు లేని చిన్న నవ్వు. అచ్చియ్యమ్మ చెంచాతో నీళ్ళు పడితే రెండు గుక్కలు తాగింది. ఫస్టు షోకి వేళవుతోంది, పొమ్మన్నట్టు చేయి కదిపింది.

దీపాలు పెట్టే వేళకి ఆడవాళ్ళు వరసకట్టారు. అచ్చియ్యమ్మ టిక్కెట్లు చింపుతుంటే వరసలోకి రాకుండా పక్కగా వచ్చి మంగాయమ్మ నిలబడింది. సన్యాసమ్మ ఇందాకే పోయిందని, నిద్రలోనే వెళ్ళిపోయినట్టుందని, చిన్నతల్లి దీపం వెలిగించబోతూ చూసిందని మెల్లగా చెప్పింది. అచ్చియ్యమ్మ తలూపింది. వరసలో మిగిలినవాళ్ళ టిక్కెట్లు కూడా చింపి, ఆఖరి మనిషిని లోపలికి పంపి, తలుపు దగ్గరగా వేసింది. ఆ పూట గంట మోగితే గేటు తానే తీస్తానన్నాడు ప్రేమ్ కుమార్.

ఆవిడ ముందు గుమ్మంలోంచి బయటికొచ్చింది. బళ్ళు, సోడాలు, జీళ్ళు, పకోడీ పొయ్యి, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. జాగా కోసం రోజూ జుట్లు పట్టుకునే ఆ బేరగాళ్ళంతా గోడ వారన ఒక్కచోటు మాత్రం ఎవరూ ఆక్రమించకుండా ఎడం వదిలి సర్దుకున్నారు. అక్కడ రెండు ఇటుకలు, వాటి మీద నాలుగు మడతలు పెట్టిన గోనె, దాని మధ్యలో ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి ఒంపు దిగి ఉంది.