ఘాట్ ఎక్కిన బేరం

కారు కొనడానికి వచ్చిన శంకరవ్వకు కార్ల గురించి ఒక్క ముక్క తెలియదు. ఆ సంగతి అంబదాస్ సేటు కనిపెట్టేశాడు. అందుకే పొద్దున్నుంచి ఆయన ముఖం వెలిగిపోతోంది. మెకానిక్ కొమురెల్లి మాత్రం ఎవరి ముఖమూ చూడడం లేదు.

నిర్మల్‌లో పాత కార్లు కొని అమ్మేది అంబదాస్ ఒక్కడే. కొత్తది కావాలంటే హైదరాబాదులో పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. శంకరవ్వకు అంత ఓపిక లేదు. ఆమె ఊరు కొండ మీది ఘాట్ రోడ్డు అవతల, నేరడిగొండ దగ్గర. పోయినేడు నొప్పులు పడుతున్న కోడలిని ఎడ్లబండిలో ఆస్పత్రికి తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

"మా ఊర్ల ఇంకో ఆడిపిల్ల గట్ల పోవద్దు సేటూ. నమ్మకంగ నడిచే బండి కావాలె, గంతే," అంది వస్తూనే.

"గీ బండిని మించిన నమ్మకం ఏముందవ్వా!" అంటూ సేటు నల్లకారు మీద చెయ్యి వేశాడు.

ఆ నల్లకారు బ్రేకులో చమురు నిలవడం లేదు. లోపలి రబ్బరు అరిగిపోయింది. కొత్తది హైదరాబాదు నుంచి రావాలి, వారం పడుతుంది అని కొమురెల్లి నిన్ననే చెప్పాడు. "చమురు నింపు, నోరు మూసుకో. అమ్మినంక నీకెందుకు ఫికర్?" అన్నాడు సేటు. కొమురెల్లి కాపురముంటున్న గది కూడా సేటుదే మరి. చమురు నింపాడు, నోరు మూసుకున్నాడు.

శంకరవ్వ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. "నాకు ఇంజినీ గింజినీ తెల్వది. బర్రెను కొన్నా అమ్మెటోని ఇంటోళ్లు దాని పాలు తాగినంకనే కొంట. నీ ఇంటోళ్లను ఎక్కించు, ఘాట్ ఎక్కి దిగొద్దాం."

"మా ఇంటోళ్లు నాందేడ్ పోయిండ్రు. నాకు తాసీలు కచేరీల పనుంది," అన్నాడు సేటు తడుముకోకుండా.

సరిగ్గా అప్పుడే సారక్క అన్నం గిన్నె పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. చంకలో ఏడాది బిడ్డ.

"గీమె ఎవలు?" అంది శంకరవ్వ.

"మా కొమురెల్లి పెండ్లాం. బండి బాగుచేసెటోని ఇంటోళ్లే ఎక్కినంక ఇంకేం గావాలె అవ్వా?" అని సేటు చప్పున అందుకున్నాడు. "ఎక్కు సారక్కా! ఎన్నడన్న కారెక్కినవా?"

పెళ్ళయి మూడేళ్లు. కార్ల మధ్యనే కాపురం, ఒక్కదానిలోనూ కూర్చున్నది లేదు. కొమురెల్లి వద్దని కళ్ళతో సైగ చేశాడు. ఆ సంబరంలో ఆమె చూస్తేనా! చెప్పులు కిందే విడిచి, బిడ్డతో సహా వెనక సీట్లో శంకరవ్వ పక్కన కూర్చుంది. కొమురెల్లి స్టీరింగు పట్టక తప్పలేదు.

ఘాట్ ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముందిలే అని కొమురెల్లి తనకు తాను ధైర్యం చెప్పుకున్నాడు. దిగే వేళకు ఏదో ఒక సాకు దొరక్కపోతుందా! ఘాట్ మొదట్లో ఎడ్లబండి అడ్డమొస్తే బ్రేకు తొక్కాడు, కారు ఆగింది. రెండో మలుపులో మేకలు అడ్డమొచ్చాయి. ఈసారి బ్రేకు పెడలు సగం దాకా దిగిపోయింది. వెనక సారక్క బిడ్డకు కోతులను చూపిస్తూ నవ్వుతోంది. ఆ నవ్వు వింటుంటే అతనికి ఏడుపొచ్చింది.

పైకి చేరాక మళ్ళీ తొక్కి చూశాడు. పెడలు నేలకు తగిలింది. చిన్న గేరు వేసి, చేతి బ్రేకు బలంగా లాగితే కారు ఎలాగో రోడ్డు పక్కన నిలిచింది. కింద లోయ, లోయ పొడుగునా తామెక్కి వచ్చిన మలుపులు.

"బండి మలుపు కొడుకా, కిందికి పోదాం," అంది శంకరవ్వ.

కొమురెల్లి చేతి బ్రేకు మీంచి చెయ్యి తీయలేదు. ఏ సాకూ నోటికి రాలేదు. "కిందికి పోవద్దవ్వా. బ్రేకు లేదు."

సారక్క నవ్వు ఆగిపోయింది. గబగబా తలుపు తీసుకుని, బిడ్డను గుండెకు అదుముకుని, వట్టి కాళ్ళతో రోడ్డు మీదికి దిగింది.

శంకరవ్వ సీట్లోంచి కదలకుండానే ముందుకు వంగి అడిగింది. "షెడ్డుల ఉన్నప్పుడే ఎరుకనా నీకు?"

"ఎరుకనే."

"నీ పెండ్లాం, బిడ్డ ఎక్కకపోతే నాకు చెప్పెటోనివా?"

కొమురెల్లి తల తిప్పి బయటికి చూశాడు. కారు బయట నిలబడి సారక్క కూడా ఆ జవాబు కోసమే అతని ముఖంలోకి చూస్తోంది.