గులకరాళ్ల కింద

చేపపిల్లల్ని లెక్కపెట్టడమంటే మాటలు కాదు. ఒక్కటీ కుదురుగా ఉండదు. ఉదయశ్రీ పొద్దున్నే, పాల ప్యాకెట్ కత్తిరించకముందే, అక్వేరియం ముందు గొంతుక్కూచుని అద్దం మీద వేలు పెట్టి లెక్కపెట్టేది. ఆదివారం పంతొమ్మిది. మంగళవారం పదమూడు. శుక్రవారానికి ఏడంటే ఏడు. చచ్చి తేలినవి ఒక్కటీ లేవు. ఎటు పోతున్నాయో తెలియదు.

ఆ తొట్టి ఆమె అడిగింది కాదు. భర్త ఓంప్రకాష్ సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరు. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఇంట్లో గోడంత అక్వేరియం చూసొచ్చి, ఫిల్మ్‌నగర్‌లోని తమ రెండు గదుల కిరాయి ఇంట్లోకి టీవీ అంత తొట్టి తెచ్చాడు. సోకు ఆయనది, చాకిరీ ఈమెది. నీళ్లు మార్చడం, నాచు గీకడం, మేత వేయడం ఉదయశ్రీ పని. వచ్చినవాళ్లకు చేపల పేర్లు చెప్పడం ఆయన పని.

"ఏం చేసినవ్?" అన్నాడు శుక్రవారం తొట్టిలోకి చూసి. "మేత ఎక్కువేసినవా? నీళ్లేమన్న మార్చినవా?"

ఈ ప్రశ్న ఆమెకు కొత్త కాదు. నాలుగేళ్లలో రెండుసార్లు మూడో నెలలోనే కడుపు పోయింది. రెండుసార్లూ ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ఆయన అడిగిన మొదటి మాట అదే. బరువు లేపినవా, ఆటో ఎక్కినవా, బొప్పాయి తిన్నవా? నొప్పిగా ఉందా అని మాత్రం అడగలేదు. అత్తగారు శ్యామలాదేవి తిట్టే మనిషి కాదు. ఎర్రగడ్డలో పెద్దకొడుకు దగ్గర్నుంచి వచ్చి, తల నిమిరి, ఎంతో ప్రేమగా, "నీ చేతుల ఏదీ నిలవది బిడ్డా, ఏం జేస్తం" అంది. తిడితే ఎదురు చెప్పొచ్చు. ప్రేమగా అన్నదానికి ఏం చెబుతారు? అప్పట్నుంచి ఆవిడ వచ్చినప్పుడు పాలు విరిగినా, తులసి ఎండినా ఒక నిట్టూర్పు విడిచేది. ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటులా ఈ చేపలు.

ఉదయశ్రీకీ ఒక పని ఉంది. డబ్బింగ్ చెబుతుంది. అదీ హీరోయిన్లకు కాదు, పసిపిల్లలకు. తెర మీద పాప కేరింతలు కొట్టినా, గుక్కపట్టి ఏడ్చినా చాలాసార్లు ఆ గొంతు ముప్పై మూడేళ్ల ఉదయశ్రీది. రెండోసారి కడుపు పోయిన పన్నెండో రోజున స్టూడియో నుంచి ఫోన్ వస్తే వెళ్లింది. "మేడమ్, ఇంకొంచెం పాల కోసం ఏడ్చినట్టు కావాలి," అన్నాడు అద్దం అవతల నుంచి ఇంజినీరు. ఏడ్చింది. తెర మీద పాప ఊరుకున్నా తను ఊరుకోలేకపోయింది. "సూపర్ మేడమ్, ఇదే కావాల్సింది. ఓకే!" అన్నాడాయన. ఇంటికొచ్చి చెబితే ఓంప్రకాష్ నవ్వాడు. "నీ ఏడుపుకు గూడ పైసలిచ్చేటోళ్లున్నరు, చూడు." ఆ రోజు నుంచి ఆయనకు ఏదీ చెప్పుకోవడం మానేసింది. చెప్పుకోవడానికి చేపలు మిగిలాయి. తల్లిచేప ఒకేసారి పంతొమ్మిది పిల్లల్ని పెట్టిన రోజు, ఆ సంగతి ఎవరికి ఫోన్ చేసి చెప్పాలో తెలియక, వంటింట్లో నిలబడి తనలో తానే నవ్వుకుంది.

శనివారం ఆయన షూటింగుకు వెళ్లాక తొట్టి ముందు నుంచి కదల్లేదు. ఉప్మా చల్లారిపోయింది. గంటన్నర తర్వాత, తొట్టిలోని నీటిమొక్క మొదట్లో గులకరాళ్ల మధ్య మట్టిరంగు పుల్లముక్క ఒకటి కనిపించింది. దాని ముందు నుంచి చేపపిల్ల ఈదుకుంటూ పోతోంది. పుల్లముక్క మూతిలోంచి చెయ్యిలాంటిది ఏదో ముందుకు చాచి పిల్లను అందుకుని లోపలికి లాక్కుంది. రెప్పపాటు కూడా పట్టలేదు. ఉదయశ్రీ కెవ్వుమంది. ఇంట్లో వినడానికి ఎవరూ లేరు.

చాయ్ జాలీతో దాన్ని పట్టి గాజుగ్లాసులో వేసి, ఫొటో తీసి టోలిచౌకిలో చేపలమ్మే ఆయనకు పంపింది. వెంటనే ఫోన్ చేశాడు.

"అది తూనీగ లార్వా అమ్మా. రెక్కలొచ్చేదాంక నీళ్లల్లనే ఉంటది, పిల్లచేపలను తింటది. కొత్త మొక్క గిట్ల పెట్టిన్రా? దానితోని గుడ్లొస్తయ్. మొక్కను పటిక నీళ్లల్ల నానబెట్టినంకనే పెట్టాలె. జర రాళ్లన్నీ తీసి చూడుండ్రి, ఇంకోటి ఉంటది. మీ తప్పేం లేదు, ఫికర్ చేయకుండ్రి."

మీ తప్పేం లేదు. నాలుగేళ్లలో ఆమెతో ఈ మాట అన్న మొదటి మనిషి ఆయనే, ముఖం కూడా సరిగా గుర్తులేని దుకాణపాయన. ఉదయశ్రీ నేల మీద కూలబడి కడుపారా ఏడ్చింది. ఈ ఏడుపు ఎవరి కోసమూ కాదు. తర్వాత లేచి రాళ్లన్నీ బకెట్‌లోకి తోడింది. ఇంకో రెండు దొరికాయి.

రాళ్లు కడుగుతుంటే డాక్టరమ్మ మాటలు గుర్తొచ్చాయి. "కారణం ఇద్దరిలో ఎవరిలోనైనా ఉండొచ్చు, ఎవరిలోనూ లేకపోవచ్చు. ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోండి." ఉదయశ్రీ చేయించుకుంది. అన్నీ బాగున్నాయన్నారు. "నాకెందుకు? నేను మంచిగనే ఉన్న గద" అని ఓంప్రకాష్ వెళ్లలేదు. ఏడాది దాటిపోయింది. తనూ మళ్లీ అడగలేదు. ఏదీ నిలవని చేతులు తనవే అని తనూ నమ్మేసింది మరి.

సాయంత్రం ఓంప్రకాష్ గ్లాసులో పురుగుల్ని చూసి, సంగతంతా విన్నాడు. పోయిన నెల ఆ మొక్కను తెచ్చింది ఆయనే. గొంతు తగ్గించాడు.

"నేను తెచ్చిన మొక్కతోని వచ్చిందని అమ్మకు చెప్పకు. ఊకె బాధపడ్తది."

ఉదయశ్రీ ఆయన ముఖంలోకి చూసింది. గుప్పెడు చేపపిల్లల నింద తల్లి ముందు తన మీద పడటానికి ఈ మనిషికి మనసొప్పడం లేదు. ఒళ్లు మండిపోయింది. అయినా అరవలేదు. ఫోన్ తీసి ఆసుపత్రికి కలిపింది.

"రక్తపరీక్షకు అపాయింట్‌మెంట్ కావాలె. పేషెంట్ పేరు ఓంప్రకాష్. సోమవారం పొద్దున."

"ఏందిది? నాకేమైందని?" అన్నాడు ఆయన.

"ఏం కాలేదు. నేను చూపించుకున్న. ఇప్పుడు మీరు చూపించుకోవాలె. అప్పటిదాంక ఇంకో బిడ్డ మాట ఎత్తకుండ్రి."

ఆయన సోఫాలో కూర్చున్నాడు. ఆమె ఎన్నడూ వినని గొంతుతో, "ఉదయా... నాలోనే ఏమన్న ఉన్నదని తేలితే?" అన్నాడు.

"నాలుగేండ్ల సంది ఆ భయాన్ని నేనొక్కదాన్నే మోస్తున్న," అంది ఉదయశ్రీ. "ఇగ సగం మీరు మొయ్యుండ్రి."