క్లచ్ మాస్టారి కారు మూతి

ఆ చుట్టుపక్కల స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. పాఠం చెప్పేటప్పుడు ఆయన నోట ఎక్కువగా వచ్చే మాటే పేరై కూర్చుని, అందరికీ ఆయన క్లచ్ మాస్టారు అయిపోయారు. అంతటి మాస్టారు ఒక మంగళవారం పట్టపగలు, వాన లేకుండా, ఎదురుగా బండి లేకుండా, తన సొంత కారును తీసుకెళ్ళి రొట్టెల దుకాణం ముందున్న సిమెంటు స్తంభానికి కొట్టారు.

ఆ సమయంలో ఆయన రోడ్డు చూడటం లేదు. పాత శిష్యుడొకడు కారును వంకరగా నిలిపి ఎటో వెళ్తే, దాన్ని చూసి తల అడ్డంగా ఊపుతున్నారు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు, స్తంభంతో సహా. కారుకి మాత్రం మూతి పగిలింది. బంపరు లోపలికి మడత పడింది. ఎడమవైపు లైటు గుంటలోంచి ఊడి వైరు మీద వేలాడింది. బానెట్టు మధ్యలో మూపురం లేచింది. రేడియేటరులోని నీళ్ళన్నీ నిదానంగా రోడ్డు మీదికి వచ్చేశాయి. ఆయన పెళ్ళికంటే ఆ కారు రెండేళ్ళే చిన్నది.

కుక్క అడ్డొచ్చిందని ఆయన భార్యకు చెప్పారు. ఏ రంగు కుక్కని ఆవిడ అడిగింది. కాస్త ఆలోచించి గోధుమరంగు అన్నారు. ఆవిడ సరేనని ఊరుకుంది. ఇంకో నాలుగు ప్రశ్నలు వేసి ఉంటే ఆయనకు అంత ఇబ్బందిగా ఉండేది కాదు.

కారును మెకానిక్కు ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు. దగ్గరలో ఉన్న మెకానిక్కులందరూ శిష్యులే. వాళ్ళలో ఒకణ్ణి, నేర్చుకునేటప్పుడు స్తంభానికి గుద్దాడనే, లైసెన్సు పరీక్షకు పంపకుండా నెల్లాళ్ళు ఆపారు. అందుకని కారుకి తాడు కట్టించి తోడల్లుడి షెడ్డుకు లాగించారు. తోడల్లుడు వడ్రంగి. కారు నడపడం రాదు, నేర్చుకోనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. కారు మరమ్మతు అతనికి కొత్తే, అయినా వెనక్కి తగ్గలేదు.

“చెక్కయినా ఇనుమైనా వంకరపోతే చేసే పని ఒకటే అన్నయ్యా. ముందు ఎంత పోయిందో చూడాలి” అన్నాడు.

తుప్పు పట్టిన బోల్టులు ఒక పట్టాన రాలేదు. బంపరు, ముందువైపు జాలీ, లైట్లు, రేడియేటరు ఊడదీసేసరికి ఒక రోజు గడిచింది. పాత కార్ల యార్డులో అదే రకం కారు బానెట్టు దొరికింది, కానీ ఆకుపచ్చది. మాస్టారి కారు తెల్లది. రంగు తర్వాత చూసుకుందామనుకున్నారు.

వడ్రంగి టేపు పట్టి, ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు కొలిచాడు. రెండు కొలతలూ కలవలేదు. రేడియేటరును మోసే ఇనుప చట్రం ఎడమవైపు రెండు వేళ్ళ మందం లోపలికి పోయింది. అది ముందుకు రాకపోతే కొత్త బానెట్టు కూర్చోదు. చట్రానికి గొలుసు తగిలించి, రెండో కొస షెడ్డు గర్డరుకు కట్టి, కారును వెంట్రుకవాసి చొప్పున వెనక్కి నడపాలి. మాస్టారు గొలుసును చూడాలి, తోడల్లుడు టేపు పట్టాలి. మరి కారు నడిపేదెవరు? శిష్యుణ్ణి ఎవణ్ణి పిలిచినా సాయంత్రానికి టాంటాం అయిపోతుంది.

అప్పుడే ఆయన భార్య భోజనం క్యారేజీ పట్టుకొచ్చింది. కారు నేర్పమని ఆవిడ అడగడం మానేసి చాలా కాలమైంది. ఇంట్లోవాళ్ళకు నేర్పితే సంసారం నిలవదని ఆయన ఎప్పుడూ తప్పించుకునేవారు.

“వదిన ఉందిగా” అన్నాడు వడ్రంగి, టేపు మీంచి తల ఎత్తకుండా.

మాస్టారు చాలాసేపు గొలుసు వైపు చూశారు. తర్వాత డ్రైవరు వైపు తలుపు తెరిచారు. రేడియేటరు లేదు కాబట్టి ఇంజను ఎక్కువసేపు నడవకూడదని, చెయ్యి ఎత్తగానే ఆపెయ్యాలని చెప్పారు. ఆవిడ సీటు ముందుకు జరుపుకుని, చీర కొంగు నడుముకు చుట్టుకుని కూర్చుంది.

ఇంజను మొదలైంది. మాస్టారూ మొదలయ్యారు. క్లచ్, క్లచ్, మెల్లగా, క్లచ్.

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. “ఏమండీ, మీరు అరుస్తుంటే ఇంజను ఏమంటోందో నాకు వినపడటం లేదు.”

ఆయన నోరు మూసుకున్నారు. గొలుసు బిగిసింది. ఇనుము కిర్రుమంది. కారు కదిలిందో లేదో తెలియనంత నెమ్మదిగా చట్రం ముందుకు వచ్చింది. ఆయన చెయ్యెత్తారు, ఇంజను ఆగింది. ఒక వేలు తగ్గిందని వడ్రంగి చెప్పాడు.

రెండోసారి లాగుతుండగా గొలుసు కొక్కెం జారి, ఆయన కాలికి జానెడు దూరంలో నేల మీద పడింది. పట్టు తప్పిన కారు వెనక్కి దూకాలి, వెనకే చెక్కల దొంతర ఉంది. కారు దూకలేదు. అప్పటికే బ్రేకు పడింది. మాస్టారు అక్కడే ఉన్న పీట మీద కూలబడ్డారు.

“ఎక్కడ నేర్చుకున్నావ్?” అని అడిగారు.

“ఎక్కడికి వెళ్తాను? ఎవడు ఏం తప్పు చేశాడో రోజూ అన్నం దగ్గర మీరు చెప్పేదేగా. అవి చెయ్యకుండా ఉన్నానంతే.”

ఇన్నాళ్ళు తను చెప్పింది శ్రద్ధగా విన్న మనిషి ఒక్కరే ఉన్నారని, ఆ ఒక్కరికీ తను పాఠం చెప్పలేదని ఆయనకు అప్పుడు తట్టింది. లేచి, కొక్కేన్ని ఈసారి బోల్టు వేసి బిగించారు.

సాయంత్రానికి కొలతలు కలిశాయి. మర్నాడు రేడియేటరు అతుకు వేయించి బిగించారు, లైట్లు పెట్టారు, ఆకుపచ్చ బానెట్టు కూర్చోబెట్టారు. ఎడమవైపు సందు కాస్త ఎక్కువే ఉంది. పరీక్షకు పంపకుండా ఆపిన ఆ మెకానిక్కు దారిన పోతూ ఆగి చూసి, సందు ఎక్కువైంది మాస్టారూ అన్నాడు. స్తంభం సంగతి మంగళవారమే తెలిసిందని, అడిగితే బాధపడతారని అడగలేదని కూడా చెప్పాడు. మాస్టారు అతనికి కుర్చీ వేయించారు.

ఆదివారం పొద్దున ఆయన తాళాలు భార్యకు ఇచ్చి, పక్క సీట్లో కూర్చున్నారు. వెనక్కి నడపడం వచ్చింది కదా, ఇక ముందుకు నేర్పండి అంది ఆవిడ. ఖాళీ మైదానంలో ఆవిడ మధ్యాహ్నానికల్లా మూడో గేరు దాకా వచ్చింది. ఆయన గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. అలా బిగబట్టుకుని కూర్చున్నందుకు మెడ పట్టేసి, రెండు రోజులు ఎటూ తిరగలేకపోయారు.