తూము మీద ట్రాఫిక్ జామ్

పులి కనిపించకపోతే డబ్బులు వాపసు ఇస్తారా అని అడగని మనిషిని సఫారీ గైడు కుసుమ్ నన్నావరే ఈ వేసవిలో ఇంకా చూడలేదు. పుణె నుంచి వచ్చిన బర్వే ఆ ప్రశ్న గేటు దాటకముందే అడిగేశాడు. దాటాక, పులి ఎన్నింటికి వస్తుందన్నాడు. ఆయన భార్య పూసుకొచ్చిన సెంటు దెబ్బకి ముందు సీట్లో ఉన్న కుసుమ్‌కే కళ్ళు మండుతున్నాయి, ఇక జంతువుల సంగతి చెప్పాలా.

"పులికి డ్యూటీ టైము ఉండదు సార్," అంది కుసుమ్.

"మా పక్కింటి వాళ్ళకి గేటు దగ్గరే కనిపించిందట."

"వాళ్ళ అదృష్టం సార్."

"మేమూ అదే గేటుకి బుక్ చేసుకున్నాంగా."

డ్రైవర్ దివాకర్ నవ్వు దాచుకోడానికి గేరు మార్చాడు. కుసుమ్‌కి అతను భావూ, అంటే అన్న; అతనికి ఆమె తాయీ, అంటే అక్క. "మీ పని హాయమ్మా, రోజూ చల్లగా అడవిలో తిరగడం," అంది బర్వే భార్య. చంద్రపూర్ జిల్లాలో, మే నెలలో, చల్లగా. కుసుమ్ మెడ మీద చెమట తుడుచుకుంది. ఇలాంటి వాటికి జవాబివ్వడం మానేసి చాలా కాలమైంది.

ఆమెను ఇవాళ తినేస్తున్న బెంగ వేరే ఉంది. తోక చివర వంకర ఉండే ఆడపులిని గైడులందరూ వాక్‌డీ అంటారు. పోయిన రెండు కాన్పుల్లో దానికి ఒక్క పిల్ల కూడా మిగల్లేదు. ఈసారి మూడు పుట్టాయి, రాళ్ళగుట్టలో దాచి పెంచుతోంది. రెండు రోజులుగా ఆ గుట్ట మీద ఎక్కణ్ణుంచో వచ్చిన కొత్త మగపులి గాండ్రిస్తోంది. మగపులి తనవి కాని పిల్లల్ని బతకనివ్వదు. వాక్‌డీ ఇవాళో రేపో పిల్లల్ని తీసుకుని రోడ్డు దాటుతుందని, అటువైపు వెదురు లోయలోకి దిగుతుందని కుసుమ్ అనుకుంటూనే ఉంది. దాటనిస్తే కదా.

పిపర్‌బోడి మలుపు దగ్గర దివాకర్ ఉన్నట్టుండి ఇంజన్ ఆపేశాడు. ఎదర గుట్టవైపు గడ్డిలోంచి వాక్‌డీ తల బయటికొచ్చింది. అటూ ఇటూ చూసి రోడ్డెక్కింది. వెనకే ఒక పిల్ల, దాని వెనక ఇంకోటి. తల్లీ, ఆ రెండూ వెదుర్లోకి వెళ్ళిపోయాయి. మూడోది రోడ్డు మధ్యకొచ్చి ఆగింది. సరిగ్గా అప్పుడే అవతలి మలుపులోంచి ఒక జిప్సీ దుమ్ము లేపుకుంటూ దూసుకొచ్చి సడన్ బ్రేకు వేసింది. పిల్ల బెదిరి వెనక్కి దూకి, రోడ్డు కింద ఉన్న తూములో దూరిపోయింది.

"కెమెరా ఆన్ కాలేదు. ఇంకోసారి రమ్మనండి," అన్నాడు బర్వే.

అవతలి జిప్సీలో గైడు శేవంత. కుసుమ్‌ది, ఆమెది ఒకే ఊరు, గైడు ట్రైనింగూ కలిసే చేశారు. "ఏమే, దొరికిందా?" అని అరిచింది శేవంత. ఈ అడవిలో ఎదురుపడ్డ ప్రతి బండీ ఆ మాట అడుగుతుంది, చూసినవాళ్ళు చూసిన చోటు చెబుతారు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు, లోపల సిగ్నలూ ఉండదు, గైడు నోటి మాటే అందరికీ అన్నం. అబద్ధం చెప్పిన గైడుకి ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పరు. కుసుమ్ వెదురు వైపు చెయ్యి చూపింది.

అంతే. ఎవరు ఎవరికి చెప్పారో, రెండువైపుల నుంచీ జిప్సీలు వచ్చి పడ్డాయి. బంపర్‌కి బంపర్ ఆనించి తూము నెత్తి మీదే నిలబెట్టారు. ఒకాయన సీటు మీదకెక్కి, సీటు చాలక కడ్డీ మీదకెక్కాడు. ఒకమ్మాయి సాక్సులో దాచి తెచ్చిన ఫోన్ తీసి, వెదురు పొద వెనక పడేలా మూతి ముడిచి ఫొటో దిగింది. ఇంకొకడు పులిలా గాండ్రించి చూపించాడు, వాడి స్నేహితులు పడీ పడీ నవ్వారు. పులిని కదిలిద్దామని ఎవరో నీళ్ళ సీసా పొదలోకి విసిరారు. పెళ్ళి భోజనాల దగ్గర కూడా ఇంత తోపులాట ఉండదు.

పొదలోంచి మెల్లగా, మూలుగులాంటి పిలుపు వినిపించింది. మళ్ళీ వినిపించింది.

"గురక పెడుతోంది," అన్నాడు బర్వే.

"పిల్లని పిలుస్తోంది సార్."

"మరి పిల్ల వెళ్ళొచ్చుగా?"

కుసుమ్‌కి ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి గొంతెత్తింది. "బళ్ళు వెనక్కి తీయండి. తూములో పిల్ల ఉంది."

చెప్పకపోయినా బాగుండేది. పిల్లా, ఎక్కడ, ఎక్కడ అంటూ రెండు జిప్సీలు ఇంకా ముందుకు జరిగాయి. కడ్డీ మీది మనిషి కెమెరాను తూము నోటికి ఆనించేంత పని చేశాడు. గైడులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు వాడి బండి తీయమను, నేను తీస్తానంటాడొకడు. తీస్తే నా గెస్టులు నన్ను బతకనివ్వరంటాడు ఇంకొకడు. దూరంగా ఉండాలని, గుమిగూడకూడదని రోజూ గేటు దగ్గర అప్పజెప్పేది ఈ నోళ్ళే. పాపం, ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, ప్రతివాడి వీపునీ వెనక సీట్లోంచి ఒక వేలు పొడుస్తూనే ఉంది. శేవంత కూడా బతిమాలింది. "ఐదు నిమిషాలే, మా వాళ్ళకి ఒక్క ఫొటో పడనీ," అంది.

ఐదు నిమిషాలు కాస్తా గంట అయింది. పొద్దు వాలింది. అప్పుడు గుట్ట మీద, బాగా దగ్గరగా, మగపులి గాండ్రించింది. జిప్సీల్లో జనం చప్పట్లు కొట్టారు.

"దిగుతున్నాడు తాయీ," అన్నాడు దివాకర్.

కుసుమ్ గుట్ట వైపు, తూము వైపు చూసింది. గేటు మూసే వేళదాకా వీళ్ళు కదలరు. వీళ్ళు కదిలేదాకా పిల్ల బయటికి రాదు, తల్లి దగ్గరికి రాలేదు. మగపులికి అంతసేపు అక్కర్లేదు.

"బండి తియ్యి భావూ. అటువైపు నుంచి బాగా కనిపిస్తుంది," అంది.

దివాకర్ ఎలాగో సందు చేసుకుని బయటపడి మలుపు తిరిగాడు. కుసుమ్ మలుపు అవతల ఉన్న చెరువు వైపు తొంగిచూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగింది. "సార్, కొత్త మగపులి. గుట్ట దిగి చెరువులోకి వచ్చింది. దాన్ని ఇంతవరకూ ఎవరూ ఫొటో తీయలేదు."

"పద, పద, తొందరగా పోనీయ్."

"ముందు వెనక్కి వెళ్ళి అందరికీ చెప్పాలి సార్. మా పద్ధతి అది."

బర్వే మొహం మాడిపోయింది. "పద్ధతేమిటమ్మా, వాళ్ళకెందుకు చెప్పడం?" అని భార్యతో మొర పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ సందట్లో దివాకర్ కుసుమ్ వైపు వంగాడు.

"చెరువు దగ్గర ఏమీ లేదు తాయీ."

"తెలుసు."

"రేపట్నుంచి మన మాట ఎవడూ నమ్మడు."

"తెలుసు భావూ. తిప్పు."

అతను స్టీరింగ్ పట్టుకున్నాడు. తర్వాత తిప్పాడు.

అంచున ఉన్నది శేవంత బండే. అయినా కుసుమ్ చెప్పింది. "కొత్తవాడు చెరువులో కూచున్నాడు, నీళ్ళలో, ఎదురుగా." శేవంత ఒక్క రెప్పపాటు అనుమానంగా చూసింది. వెనక బర్వే తల పట్టుకుని, "ఎందుకు చెప్పావమ్మా, మనం ఒక్కళ్ళమే చూసేవాళ్ళం కదా," అని ఏడుపొక్కటే తక్కువగా అన్నాడు. అంత మంచి సాక్ష్యం ఎవరికి దొరుకుతుంది. శేవంత తన డ్రైవర్ భుజం తట్టింది. మాట ఒక బండి నుంచి ఇంకో బండికి పాకి, ఇంజన్లన్నీ ఒకేసారి గర్జించాయి.

కుసుమ్ అక్కడే ఆగిపోతే గుట్టు బయటపడుతుంది. అందరికంటే ముందు తనే వెళ్ళాలి. మలుపులో వెనక్కి తిరిగి చూస్తే దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు.

చెరువులో ఒక కొంగ ఉంది. నెర్రెలు విచ్చిన బురద, మధ్యలో కాసిని నీళ్ళు, ఆ కొంగ. అందరూ ఎదురుచూశారు. బర్వే బైనాక్యులర్స్‌తో కొంగనే రెండుసార్లు చూశాడు. "ఏదీ?" అన్నాడు. గైడులు మెడలు సాచి ఒడ్డు బురద మీద అడుగుల కోసం వెతికారు. ఒక్క అడుగూ లేదు. శేవంత తన జిప్సీని కుసుమ్ జిప్సీ పక్కకి తెప్పించింది.

"నా మొహం చూసి చెప్పవే, చూశావా?"

కుసుమ్ తల దించుకుంది.

"నా గెస్టుల ముందు నన్ను వెధవని చేశావు. నాతో చెబితే నేనే బండి తీసేదాన్ని కదా."

"తూము దగ్గర చెప్పాను కదే. తీశావా?"

శేవంత ముందుకి తిరిగింది. "పోనీ," అంది డ్రైవర్‌తో. గేటు దగ్గర బర్వే కుసుమ్ పేరు, నంబరు అడిగి రాసుకున్నాడు, ఫిర్యాదు చెయ్యడానికి.

మర్నాడు పొద్దున్న టీ కొట్టు దగ్గర కుసుమ్ రాగానే మాటలు ఆగిపోయాయి. అందరి బళ్ళూ లోపలికి వెళ్ళాక ఆమె బండి కదిలింది. అబద్ధానికి ఫలితం ఇదని తెలిసే చేసింది, దానికి ఏడవదు. కానీ రాత్రంతా ఆమెకి కంటి మీద కునుకు లేనిది ఒక్క సంగతి కోసం. తూము దగ్గరికి చేరేసరికి రోడ్డు మీది దుమ్మంతా టైర్లు నలిపేశాయి. వంగి చూస్తే తూము ఖాళీ. తల్లి తీసుకెళ్ళినా ఖాళీయే, మగపులి ఈడ్చుకెళ్ళినా ఖాళీయే.

"తెల్లారగానే వచ్చినవాళ్ళకి అడుగులు కనిపించి ఉంటాయి," అన్నాడు దివాకర్.

ఎదురొచ్చిన మొదటి బండికి చెయ్యి ఊపింది, ఆగలేదు. రెండోది ఆగలేదు. మూడో బండిలో గైడు ఆమెను చూసి టోపీ కళ్ళ మీదకి లాక్కున్నాడు. కుసుమ్‌కి తనమీదా, వాళ్ళమీదా, ఈ అడవిమీదా పట్టరాని కోపం వచ్చింది. పులి ఎక్కడుందని కాదు తను అడిగేది. బతికిందా అని. ఆ ఒక్క ముక్క చెబితే వీళ్ళ సొమ్మేం పోతుంది.

దారి ఇరుకైన చోట శేవంత జిప్సీ ఎదురైంది. రెండు బళ్ళూ నెమ్మదించక తప్పలేదు. కుసుమ్ సీట్లోంచి ముందుకు వంగింది. శేవంత ఇటు తిరగలేదు. తన డ్రైవర్‌కి, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా చెప్పింది.

"పొద్దున్న మొదటి బండి మనదే కదా భావూ. వాక్‌డీ తూము దాకా వెనక్కొచ్చింది కదా. వెదురు వైపు వెళ్ళేటప్పుడు పక్కన చిన్న అడుగులు పడ్డాయి కదా. మగవాడి అడుగులు ఆ తర్వాతే కదా, వట్టి తూము వాసన చూసి తిరిగిపోయాడు. నేనైతే ఎవరికీ ఏమీ చెప్పడం లేదు."

"అన్నీ నేనూ చూశాను కదా తాయీ, మళ్ళీ నాకెందుకు?" అన్నాడు డ్రైవర్ అయోమయంగా.

"నోర్మూసుకుని పోనీ."

బండి వెళ్ళిపోయింది. కుసుమ్ చున్నీతో మొహం అదిమి పట్టుకుంది. వెనక సీట్లోంచి ఇవాళ్టి గెస్టు వేలితో ఆమె భుజం పొడిచాడు.

"ఏమంటోంది ఆవిడ? పులి గురించేనా?"

"కాదు సార్," అంది కుసుమ్, చున్నీ తీయకుండానే. "నన్ను తిడుతోంది."