గోరింక నుంచి వెళ్లిన ఉత్తరం

పెయింటు బ్రష్షును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కంప్యూటర్ ఫ్యాను రెక్కల సందుల్లోంచి పీచు లాగుతున్నాడు బాబాయ్. బట్టలు కుట్టే కంపెనీలో దుమ్మంటే మట్టి కాదు, నూలు. అది గాలిలో తేలి తేలి కంప్యూటర్ల పొట్టల్లోకి చేరి మెత్తటి పరుపులా పేరుకుంటుంది. మొత్తం నలభై రెండు కంప్యూటర్లు. రోజుకు ఏడు చొప్పున విప్పి, దులిపి, బిగిస్తే ఆరు రోజులకు ఒక చుట్టు పూర్తవుతుంది. ఏడో రోజు సెలవు. ఆ మర్నాడు మళ్లీ మొదటి కంప్యూటర్.

యాభై ఏడేళ్ల మనిషి, బక్కపలచన. కళ్లజోడు కాడ విరిగిన చోట నల్ల టేపు చుట్టి ఉంటుంది. స్క్రూడ్రైవరు, టార్చి, చిన్న నోటుపుస్తకం మోసి మోసి చొక్కా జేబు కిందికి సాగిపోయింది. కుట్టుమిషన్ల మెకానిక్‌గా చేరాడు. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో వాటిని ముట్టుకోవడానికి అందరూ జంకితే, తనే పుస్తకాలు కొనుక్కుని చదివి నేర్చుకున్నాడు. కంపెనీలో అందరికీ బాబాయే. మేనేజరుకు మాత్రం ‘ఏమయ్యా’.

ఇరవై రెండేళ్లుగా అందరి మెయిళ్లూ అతని చేతి మీదుగానే పోతున్నాయి. ఒక్కటంటే ఒక్కటి చదవలేదు. బాగుచేయమని పిలిచినప్పుడు తెర మీద ఎవరి డాక్టరు రిపోర్టో తెరిచి ఉంటే, "ముందు అది మూసెయ్యమ్మా, నేనిటు తిరుగుతా" అని గోడకేసి చూస్తూ నిలబడేవాడు.

"గోడ మీద ఏముంది బాబాయ్?" అని ఆడపిల్లలు ఆటపట్టించేవారు.

"సున్నం" అనేవాడు.

ఆ ఉదయం రెండో కంప్యూటర్ సగం విప్పి ఉండగా మేనేజరు పిలిపించాడు. మూడు కాగితాలు ముందుకు తోశాడు. ఎవరో పేరు దాచుకుని ఫైర్ ఆఫీసుకు మెయిల్‌లో పంపిన ఫిర్యాదు. పని వేళల్లో వెనకమెట్ల తలుపుకు తాళం వేస్తున్నారనీ, మూడో అంతస్తులో నూట అరవై మంది కుడుతుంటారనీ, నిప్పంటుకుంటే దిగడానికి ఒక్కటే దారి ఉందనీ రాశారు. ఉన్నమాటే. ఫైర్ ఆఫీసులో మేనేజరుకు తెలిసినవాడెవడో దాన్ని ఉన్నదున్నట్టు ఇటు పంపేశాడు.

"రెండో కాగితం చూడు. ఉత్తరం ఎక్కణ్ణుంచి బయల్దేరిందో అందులో ఉంటుందటగా. ఎవరో చెప్పు, సాయంత్రానికల్లా బయట నిలబెడతా."

మేనేజరుకు అవి చీమల బారులా కనబడే అక్షరాలు. బాబాయ్‌కి మాత్రం అరటిపండు ఒలిచినట్టుంది. పంపిన టైము సెకన్లతో సహా ఉంది. ఏ మెయిల్ సాఫ్ట్‌వేరు, దాని ఎన్నో వెర్షన్, అంతా ఉంది. ఆ కిందనే పంపిన కంప్యూటర్ పేరు: గోరింక.

కంప్యూటర్లకు పక్షుల పేర్లు పెట్టింది అతనే. ఆ పేర్లు వాటి లోపలా, అతని నోటుపుస్తకంలోనూ తప్ప మరెక్కడా లేవు. మేనేజరు కంప్యూటర్ పేరు గుడ్లగూబ అని మేనేజరుకే తెలియదు. గోరింక రెండో అంతస్తులో, డిస్పాచ్ టేబుల్ మీద ఉంటుంది. అక్కడ కూర్చునే అమ్మాయి చెల్లెలు పైన మూడో అంతస్తులో కుడుతుంది.

నెల కిందట ఆ అమ్మాయి అతన్ని ఒక మాట అడిగింది. "బాబాయ్, పేరు మార్చుకుని మెయిల్ రాస్తే ఎవరు రాశారో తెలుస్తుందా?" అప్పుడతను పళ్ల మధ్య స్క్రూ బిగించి పట్టుకుని ఉన్నాడు. "తెలీదులేమ్మా" అన్నాడు. తల కూడా ఎత్తలేదు. ఆ ఒక్క మాట నమ్ముకుని రాసింది ఆ పిల్ల. ఇప్పుడది గుర్తొచ్చి బాబాయ్ రెండో కాగితాన్ని బోర్లా తిప్పాడు.

"ఏమయ్యా, తెలిసిందా?"

"తెలిసింది సార్."

"ఎవరు?"

"చెప్పను."

మేనేజరు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "నీకు జీతం ఎవరిస్తున్నారు?"

"మీరే సార్. ఫ్యాన్లు దులిపినందుకు, తీగలు కలిపినందుకు. చాడీలు అందులో లేవు."

"రేపు పొద్దున్నే బయట్నుంచి మనిషిని పిలిపిస్తా. గంటలో పట్టిస్తాడు. నీకు ఇవాళే ఆఖరు."

"అయితే ఇవాళ్టి పని ఇవాళ చేసుకుంటాను సార్" అని బాబాయ్ కాగితాలు అక్కడే పెట్టి లేచాడు.

ఆ రోజు ఏడు కాదు, నలభై రెండూ తిరిగాడు. ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చోవడం, పక్షి పేరు చెరిపేయడం, చేతికొచ్చిన అంకెలు కొట్టడం. పిచ్చుక పోయింది, కొంగ పోయింది, గుడ్లగూబ కూడా పోయింది. కొత్త అంకెలు ఎక్కడా రాసుకోలేదు. పాత పేర్లున్న పేజీలు చించి, ముక్కముక్కలు చేసి పీచు బుట్టలో కలిపేశాడు.

మధ్యలో భార్యకు ఫోన్ చేశాడు. "ఇవాళ్టితో ఉద్యోగం అయిపోయింది."

"ఏం చేశావేంటి?"

"ఏం చేయలేదు. అడిగితే చెప్పలేదు."

"పెళ్లైనప్పట్నుంచీ నాతోనూ అంతేగా" అంది. ఆ వెంటనే, "పోతే పోయింది, వేళకి తిను" అంది.

డిస్పాచ్ టేబుల్ దగ్గరికి వచ్చేసరికే సంగతి ఆ అమ్మాయి చెవిన పడింది. కుర్చీలోంచి లేచి ఎదురొచ్చింది.

"బాబాయ్, ఆ ఉత్తరం..."

"నేను నిన్నేమైనా అడిగానా?"

"కాదు, అదీ..."

"చెప్పకు. తప్పు నాదమ్మా. తెలీదన్నాను, తెలుస్తుంది. కవరు మీద పోస్టాఫీసు ముద్రలుంటాయి చూడు, అలాగే ప్రతి మెయిల్‌కీ వెనక ముద్రలుంటాయి. ఏ కంప్యూటరు, ఏ సాఫ్ట్‌వేరు, ఎప్పుడు... మనల్ని అడక్కుండానే రాసేస్తుంది. నువ్వడిగిన రోజే కూర్చోబెట్టి చెప్పాల్సింది."

"మరిప్పుడు?"

"ఇప్పుడు గోరింక లేదు. నువ్వు కొత్తగా పెట్టుకున్న మెయిల్ అడ్రసేదో ఉంటే ఇందులోంచి నువ్వే తీసెయ్. నేనిటు తిరుగుతా."

ఆమె తీసేసేదాకా అతను గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఈసారి గోడ మీద ఏముందని ఆమె అడగలేదు.

నాలుగింటికి సర్వర్ గదిలో తన కుర్చీలో కూర్చుని ఉత్తరం మొదలుపెట్టాడు. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు. ఏ తలుపు, ఏ తాళం, ఏ టైములో వేస్తారు, తాళంచెవి ఎవరి సొరుగులో ఉంటుంది. మొదటి వరుసలోనే తన పూర్తి పేరు, చేసే పని, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు. ఫైర్ ఆఫీసుకు, దాని పై ఆఫీసుకు, భవనానికి బీమా చేసిన కంపెనీకి పంపాడు. మేనేజరుకు కూడా ఒకటి.

పది నిమిషాల్లో మేనేజరు గదిలోంచి దూసుకొచ్చాడు. "ఎంత పొగరయ్యా నీకు!"

"ఈసారి రెండో కాగితం తిరగెయ్యక్కర్లేదు సార్" అన్నాడు బాబాయ్. "పేరు పైనే పెట్టాను."

తాళాల గుత్తి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. మూడో అంతస్తు వాళ్లు దిగే వేళ అది. ఆ ఒక్క మెట్లదారిన నూట అరవై మంది వెనక దిగడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. చేతి గడియారం చూసుకుంటూ, లెక్కపెట్టుకుంటూ మరీ దిగాడు. గేటు దాటాక వెనక్కి తిరగలేదు. మళ్లీ ఆ కంపెనీలోకి రాలేదు.

మర్నాడు బయటి మనిషి వచ్చాడు. నలభై రెండు కంప్యూటర్లూ వెతికి గోరింక అనేది ఎక్కడా లేదన్నాడు. ఆ మధ్యాహ్నమే బీమా వాళ్లు ఇద్దరు వచ్చారు. వెనకమెట్ల తాళం వాళ్ల కళ్లముందే తీయాల్సి వచ్చింది. వెళ్లబోతూ బయటి మనిషి సర్వర్ గది గుమ్మం దగ్గర ఆగాడు.

"ఈ చెప్పులెవరివండీ?"

"తెలీదండీ" అంది డిస్పాచ్ అమ్మాయి.

పక్క టేబుల్ ఆవిడ కూడా తలెత్తకుండానే తెలీదంది. ఆ పక్కావిడా అంతే.

గది లోపల తిరగడానికే ఉంచుకున్న నీలం రబ్బరు చెప్పులు. ఎడమ మడమ దగ్గర అరిగి పలచబడ్డాయి. బొటనవేళ్లు ఆనిన చోట రెండు నున్నటి గుంటలు, వాటి నిండా తెల్లటి నూలు పీచు.