పెద్ద ఫ్యూజు

చంటిదాని గుడ్డలు అడుగున, కూతురి బట్టలు మధ్యన, పాలసీసా చేతికందేలా పైన సర్ది అమ్మమ్మ సంచి జిప్పు వేసింది. వేసి, మళ్ళీ తీసింది. సర్దడం అయిపోతే వాళ్ళు బయలుదేరిపోతారు.

వాకిట్లో అల్లుడు కారు స్టీరింగు కింద తల దూర్చి ఉన్నాడు. పాపకు ఉక్కపోయకూడదని వెనక సీటు దగ్గర చిన్న ఫ్యాను తనే బిగించాడు, అద్దాలకూ తలుపుల తాళాలకూ కరెంటు వెళ్ళే తీగకే దాన్ని కలిపి. అప్పటి నుంచీ ఫ్యూజు ఊరికూరికే పోతోంది. మెకానిక్కును అడిగితే, ఎక్కడో తీగ ఒరుసుకుంటున్నట్టుంది, రేపు బండి తెస్తే చూస్తానన్నాడట. రేపు శుక్రవారం, అల్లుడు తన ఊళ్ళో డ్యూటీలో ఉండాలి.

"చిన్నది ఆగడం లేదత్తయ్యా, పెద్ద ఫ్యూజు వేసేశాను. ఇక పోదు," అన్నాడతను చేతులు దులుపుకుంటూ.

అమ్మమ్మ కారులోకి వంగింది. ఇస్త్రీపెట్టె తీగ మాడినప్పటి కమురు.

"కాలిన వాసన వస్తోంది బాబూ."

కూతురు నవ్వేసింది. అమ్మ ముక్కుకు ఏదో ఒక వాసన తగలకుండా ఈ ఇంట్లో ఎవరు ప్రయాణం కట్టారని అడిగింది. అత్తయ్య ముక్కును కారుకు బిగించుకుంటే మెకానిక్కుతో పనే లేదన్నాడు అల్లుడు.

నిజమే. ఎవరు గడప దాటినా ఆవిడ గుండెల్లో రాయి పడేది. ఏదో వంక పెట్టి ఆపబోయేది. వెళ్ళినవాళ్ళంతా నిక్షేపంలా తిరిగొచ్చేవారు. నాన్నా పులి అని అరిచీ అరిచీ, ఇప్పుడు వచ్చింది పులో కాదో ఆవిడకే తెలియకుండా పోయింది.

ఒక్కరోజు ఆగమని బతిమాలింది. కుదరదన్నాడు. పోనీ పాప దగ్గుతోంది, తల్లీబిడ్డల్ని ఆదివారం దాకా ఉంచమంది. పాప దగ్గనే లేదు. కూతురు తల్లి మొహం చూసింది, మెత్తబడింది.

"ఉండిపోతాంలెండి. లేకపోతే ఈవిడకి ఇవాళ అన్నం సహించదు. ఆదివారం వచ్చి తీసుకెళ్ళండి."

"సరే, అత్తయ్యే గెలిచారు," అన్నాడు అల్లుడు.

"మీరు కూడా..." అని ఆగిపోయింది అమ్మమ్మ. ఇద్దర్ని ఆపుకుంది, ఇంకా విసిగిస్తే అల్లుడి దగ్గర ఏం బాగుంటుంది? అద్దాలు దించుకుని వెళ్ళమని మాత్రం చెప్పింది. ఆవిడ కోసం దించాడు. మలుపు దగ్గర దుమ్ము లేస్తే ఎత్తేసుకున్నాడు.

మధ్యాహ్నం దారిలో ఆ తీగ కరిగింది. వేడెక్కినప్పుడు పోయి కరెంటు ఆపవలసిన ఫ్యూజు, పెద్దది కాబట్టి పోలేదు. కారు నిండా పొగ కమ్మింది. తలుపుల తాళాలు తెరుచుకోలేదు, అద్దాలు దిగలేదు. దారినపోయేవాళ్ళు రాళ్ళతో అద్దం పగలగొట్టేసరికి ఆలస్యమైపోయింది.

ఆదివారం కారు రాలేదు. అల్లుడు గురువారం పొద్దున వెళ్ళాడు, తిరిగి రాలేదు.