మూసుకోని రెక్క

ప్రమాదం రాత్రి ఆంబ్రోస్ కీపింగ్ పనిలో తాగి నిద్రపోయాడని విచారణలో చెప్పినవాడు హెడ్లీ స్పరల్. ఊరంతా నమ్మింది. ఆ కొండదారి రైలు పట్టాల బాధ్యతంతా హెడ్లీదే. అతన్ని అందరూ స్కిప్పర్ అని పిలిచేవారు. అతని మాటకు ఎదురు లేదు.

ఆంబ్రోస్ పనిచేసింది రైలింజను ముందు కట్టే మంచు నాగలిలో. దాని ఇనుప ముక్కు మంచును చీల్చుకుంటూ పోతుంటే, పక్కన చాచిన రెక్క ఆ మంచును దూరంగా తోసేది. వంతెన దగ్గరపడగానే నాగలి పైగదిలో కూర్చున్న మనిషి పిడి లాగి రెక్క మూయాలి. ఆ ఫిబ్రవరిలో, టాప్‌సెయిల్స్ గుట్టల కింది వంతెన దగ్గర, రెక్క మూసుకోలేదు. అది వంతెన ఇనుప కమ్మికి తగిలి నాగలి లోయలోకి ఒరిగిపోయింది. ఆంబ్రోస్ శవపెట్టెలో ఇంటికొచ్చాడు.

తమ్ముడు మందు ముట్టడని అతని అక్క డోర్కస్‌కు తెలుసు. పోవడానికి ముందురోజు సూపు తాగుతూ అతనన్న మాట కూడా గుర్తుంది.

"రెక్క తనంతట తనే మూసుకుపోతోందక్కా. కీలు అరిగిపోయింది. స్కిప్పర్‌కి చెప్పాను, పొద్దుటికల్లా బాగుచేయిస్తానన్నాడు."

విచారణలో ఆమె ఈ మాట చెప్పింది. "పాపం, దుఃఖంలో ఉంది" అన్నాడు హెడ్లీ, ఎంతో జాలిగా. అబద్ధాన్నయినా క్షమించేదేమో కానీ, ఆ జాలిని ఆమె క్షమించలేదు. నాగలిని చూపించమంటే, ముక్కలు చేసి పాత ఇనుముకు పంపేశామన్నాడు.

కొన్నేళ్లకు రైళ్లు ఆగిపోయాయి. పట్టాలు కూడా పీకేశారు. రైల్వే క్యాంటీనులో వంట పని పోయాక, డోర్కస్ పాత నాగళ్ల జాడ వెతకడం మొదలుపెట్టింది. ఒకటి మ్యూజియం ముందు కొత్త రంగులతో నిలబడి ఉంది. ఒకటి కాంట్రాక్టరు దొడ్లో కోళ్లగూడయింది. ఒకదాన్ని నిజంగానే కోసేశారు. కోసినవాడే చెప్పాడు. "కానీ దానికి రెక్క లేదమ్మా. రెక్క ఉన్నది మా యార్డుకు రాలేదు."

ఆ మాటతో ఆమెకు అర్థమైంది. హెడ్లీ దాన్ని ఎక్కడో దాచాడు. దాచాడంటే దాని ఒంటి మీద ఏదో ఉంది.

ఆమె సముద్రపుటొడ్డు పల్లెలన్నీ తిరిగింది. ఒక రేవులో పయస్ హాన్ అనే జాలరి వలల కొట్టు చూసి ఆగిపోయింది. ఆ కొట్టు పైన చిన్న గది, దానికి గుండ్రటి కిటికీ ఉన్నాయి. అది ఆ నాగలే. ఆంబ్రోస్ ఆ కిటికీలోంచే చెయ్యి ఊపేవాడు.

"మా నాన్నకి స్కిప్పర్ ఊరికే ఇచ్చాడు పిన్నీ" అన్నాడు పయస్. "చక్రాలు తీసేసి, రాళ్లు నింపి, రేవు కట్ట కింద ముంచేయమన్నాడట."

"మరి ముంచలేదేం?"

పయస్ నవ్వాడు. "నీళ్లు కారని పైకప్పున్నదాన్ని ఎవరైనా సముద్రంలో పారేస్తారా? ఆఫీసులో కూర్చునేవాళ్లకి ఏం తెలుస్తుంది! మా నాన్న కట్ట కింద బండరాళ్లేశాడు, దీన్లో వలలు పెట్టాడు. స్కిప్పర్ అడిగితే, ముంచేశానయ్యా అన్నాడు. ఎందుకొచ్చిన గొడవ!"

డోర్కస్ బయటికి చాచి ఉన్న రెక్క దగ్గరికి వెళ్లింది. దాని మీద ఆరేసిన వల తీసింది. కీలుకు అడ్డంగా, చెయ్యంత లావున వెల్డింగ్ ఉంది. వెల్డింగ్ మీద రైల్వేవాళ్ల నల్లరంగు. ఆ రంగును గీరుకుంటూ వంతెన కమ్మి మిగిల్చిన గీత. అంటే ఆ అతుకు ప్రమాదానికి ముందుదే.

పయస్ వంగి చూశాడు. చూసి టోపీ తీసేశాడు.

"విచారణలో నువ్వు చెప్పింది నిజమే! మూసుకుపోతోందని మీ తమ్ముడు చెబితే, స్కిప్పర్ మూసుకోకుండా అతికించేశాడా! పైగదిలోంచి ఇది కనబడదు కూడా పిన్నీ."

"కనబడదు. బాగైందని చెప్పి పంపాడు." ఆమె వేలితో ఆ గీత తడిమింది. "దీన్ని నాకిస్తావా?"

"పోలీసులకి చూపిస్తావా?"

"వాళ్లు అతన్ని తీసుకుపోతారు. నాకు అతను ఇక్కడే కావాలి."

ఆ ప్రాంతంలో ఇల్లు కదపాలన్నా, కొట్టు కదపాలన్నా చెరువులు గడ్డకట్టాక లాగుడు పెడతారు. ప్రతి ఇంటినుంచీ మనిషి రావాలి. దేన్ని లాగుతున్నామని అడగరు, కూలి అడగరు. మోకు పట్టనన్న ఇంటికి రేపు ఆపదొస్తే ఎవరూ వెళ్లరు. లాగించుకున్నవాళ్లు అందరికీ భోజనం పెడతారు.

డోర్కస్ మొదట తట్టింది హెడ్లీ తలుపే. అతను ముసలివాడయ్యాడు కానీ నిటారుగానే ఉన్నాడు.

"లాగుడుంది స్కిప్పర్. పయస్ వాళ్ల కొట్టు మా ఆలుగడ్డల తోటకి తెస్తున్నాం. ముందు మోకు మీరు పట్టాలి. మీరుంటే జనానికి హుషారు."

"ఇన్నాళ్లకి నా గడప తొక్కావు. సంతోషం తల్లీ" అన్నాడు హెడ్లీ.

ఆమె తోట అతని ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంది. అక్కడికి పోవాలంటే అతని కంచె పక్కనుంచే దారి.

లాగుడు రోజున ఎండ కాసింది. దుంగల మీద ఎక్కించి, తెరచాప గుడ్డ కప్పిన ఆ బరువును ఊరు ఊరంతా చెరువు మీదుగా లాగింది. ముందు మోకు దగ్గర హెడ్లీ ఐలేసా అంటుంటే వెనకవాళ్లు అందుకున్నారు.

"స్కిప్పర్‌కి పెళ్లి చెయ్యొచ్చురా ఇంకా!" అని ఎవరో అరిచారు.

"ముందు నీకు అవనీరా!" అన్నాడు హెడ్లీ. నవ్వులు.

అతని ఇంటి దగ్గర దారి ఇరుకైంది. ఏదో కంచెకు తగులుకుంది. గుడ్డ చిరిగి రెక్క బయటపడింది. హెడ్లీ తిరిగి చూశాడు. అతని నోట్లో ఐలేసా సగంలో ఆగిపోయింది.

"అరె, మంచు నాగలి! రెక్క మూయండ్రా, కంచె విరిగిపోద్ది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

పయస్ పైకెక్కి పిడి పట్టుకుని వేలాడాడు. రెక్క కదల్లేదు.

"తుప్పు పట్టిందేమో, సుత్తి తేండి!" అంటూ ఒకతను వంగి కీలు మీది మంచు తుడిచాడు. వేలితో గీరి చూశాడు. "తుప్పు కాదు. వెల్డు కొట్టారు. దీని మీద వంతెన గీత కూడా ఉంది" అన్నాడు నెమ్మదిగా.

ఒక్కొక్కరే మోకు వదిలేసి వచ్చి చూశారు. ఆంబ్రోస్‌ను తాగుబోతన్నవాళ్లే అందరూ. ఎవరూ డోర్కస్ ముఖం చూడలేకపోయారు. చూడటానికి హెడ్లీ ముఖం ఒక్కటే మిగిలింది. అతను మోకు ఇంకా పట్టుకునే ఉన్నాడు.

డోర్కస్ అతని ముందుకు వచ్చి నిలబడింది.

"రెక్క మూసుకోదు హెడ్లీ. నీకు తెలుసు. నీ కంచె తియ్యి."

అతను ఊరివాళ్ల వైపు చూశాడు. ఎవరూ సాయానికి రాలేదు. వంగి, తన కంచె కర్రలు ఒక్కొక్కటే తనే పీకాడు. చేతిలో మేకు గుచ్చుకుంది. అది కూడా అందరూ చూశారు.

నాగలిని తోటలో, ముక్కు అతని కిటికీ వైపు ఉండేలా నిలబెట్టారు. ఉప్పుమాంసం వేసిన బఠాణీ సూపు అందరికీ పోసింది డోర్కస్. అతనికీ పోసింది. అతను కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు.

గిన్నె తీసుకోవడానికి ఆమె వచ్చినప్పుడు హెడ్లీ తల ఎత్తకుండా అడిగాడు.

"ఎప్పుడు తీసేస్తావమ్మా ఆ నాగలిని?"

డోర్కస్ అతనికన్నా చాలా చిన్నది. ఒంట్లో ఏ జబ్బూ లేదు.

"నేను పోయాక వచ్చి అడుగు" అంది. అతని గిన్నె నిండుగానే ఉంది. తీసుకెళ్లి మంచులో పారబోసింది.